తూకంలో మిగిలిన బెల్లం

మేడారం నుంచి వచ్చి పది రోజులు దాటింది. మడమల పగుళ్లలో ఎర్రమట్టి ఇంకా వదల్లేదు. దవాఖానలో ఎవరు ఎదురైనా జాతర ఎట్లా జరిగింది, దేవతను చూశావా, కోయవాళ్లు ఎట్లా ఉంటారు అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. సమ్మక్క గద్దెకు వచ్చిన ఘడియలో నేను బండి కింద పడుకుని నిద్రపోయాను. ఆ వైభవం కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

నా పేరు మార్తమ్మ. వరంగల్‌లో ఒక చిన్న దవాఖానలో ఆయాను. నలభై దాటాక, చర్చిలో ఆదివారం మధ్యాహ్నాలు నడిచే బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. వానలు ఎగ్గొట్టిన ఈ ఏడు మాఘమాసంలో, కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే విమల మేడం మా డాక్టరమ్మ దగ్గరికి వచ్చారు. జాతరకు పోయే ఆడవాళ్లతో మాట్లాడి కార్డులు నింపడానికి ఒక మనిషి కావాలన్నారు. ఇంట్లో పిల్లలు ఎందరు, భూమి ఎంత, రోజుకు పొయ్యి ఎన్నిసార్లు వెలుగుతుంది, ఇవీ ప్రశ్నలు. జాతర అయిపోగానే పరకాలలో కుటుంబ నియంత్రణ శిబిరం ఉంది. ముగ్గురికి మించి పిల్లలుండి, ఇక చాలనుకున్నవాళ్ల కార్డులు అక్కడి డాక్టరుకు చేరాలి. ఆడవాళ్లు నాతో నోరు విప్పి మాట్లాడతారని నన్ను పంపారు.

చర్చిలో ఒకామె ఎత్తిపొడిచింది. "ఏంది మార్తమ్మా, గీ వయసుల సమ్మక్కకు మొక్క పోతానవా?"

"లేదమ్మా. మొక్కెటోళ్లను లెక్కబెట్ట పోతాన్న," అన్నాను.

పరకాల బస్సు

బస్సులో మా ముందు సీటులో ఒక హమాలీ కూర్చున్నాడు. ధాన్యం మార్కెట్టులో బస్తాలు మోస్తాడట, పేరు మల్లయ్య. మేడం ఒళ్లోని కార్డుల కట్టను చూసి, ఇవి దేనికని అడిగాడు. మేడం పాఠం చెప్పే మనిషి. అడిగితే చెప్పకుండా ఉండలేరు.

"చాలాకాలం కింద ఇంగ్లండులో ఒక పాదిరి ఒక లెక్క చెప్పాడు. మనుషులు ఇద్దరు నలుగురై, నలుగురు ఎనిమిదిమందై పెరుగుతారు. పంట మాత్రం ఒకటి రెండై, రెండు మూడై పెరుగుతుంది. ఎప్పటికైనా నోళ్లు ముందు నడుస్తాయి, గింజలు వెనకబడతాయి. అప్పుడు కరువో రోగమో వచ్చి ఆ తేడాను సరిచేస్తుంది అన్నాడు."

"ఆ పాదిరికి ఎంతమంది పిల్లలు మేడం?"

"ముగ్గురని చదివాను."

"మరి ఆయన లెక్క ఆయనకే కుదర్లేదు గదా," అన్నాడు మల్లయ్య. బస్సులో సగం మంది నవ్వారు. మేడం కూడా నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. "గింజలు లెవ్వని ఎవలన్నరు మేడం? నా ఈపును అడుగుండ్రి. కార్తీకంల నేను మోసిన బస్తాలు ఇప్పటిదాంక గోదాం ఇడిసి బైటికి రాలే. తాళం ఏస్తాంటే నా కండ్లతోని చూసిన. ఇటు దుకాండ్లల్ల ఎర్రజొన్నలకు లైను కడ్తాన్రు."

"మీలాగా అన్నవాళ్లూ ఉన్నారు," అన్నారు మేడం. "కొరత పంటలో లేదు, పంపకంలో ఉంది అని. పుట్టే ప్రతి నోటితో రెండు చేతులు కూడా వస్తాయి కదా అని మరికొందరు. ఎవరి మాట నిజమో పుస్తకంలో కూర్చుంటే తేలదు. అందుకే ఈ కార్డులు."

"చేతులున్నయమ్మా. చేతులకు పని లేదు," అంది వెనక సీటులో ఒక ముసలామె. ఆమె తిరిగి కళ్లు మూసుకుంది.

కాసేపటికి మేడం నావైపు తిరిగారు. "మీకెంతమంది మార్తమ్మా?"

"ఏడుగురు మేడం."

"రెండు గదుల ఇల్లు, ఒక ఆయా జీతం, ఏడుగురు పిల్లలు," అని మేడం మల్లయ్యతో మెల్లగా అన్నారు. నా మీద జాలితోనే అన్నారు.

నేను కన్నది ఏడుగురిని. బతికి ఉన్నది ఇద్దరు. మా వైపు తల్లిని అడిగితే కన్నవాళ్లందరినీ చెబుతుంది. పోయినవాళ్లను వదిలేసి చెప్పడానికి నోరు రాదు. వదిలేస్తే వాళ్లు రెండోసారి పోయినట్టు ఉంటుంది. మేడంకు ఈ సంగతి తెలియదు. మేడంకు తెలియదన్న సంగతి నాకు తెలియదు.

పరకాల

పరకాలలో బడి వరండాలో బస. భోజనానికి అమెరికా గోధుమలు ఉడికించి పెట్టారు. గోధుమను ఏం చేసుకోవాలో అక్కడ ఎవరికీ సరిగా తెలిసినట్టు లేదు. మక్కల గటకలాగా ముద్దగా వండి, పచ్చిపులుసు పోశారు. నోట్లో నమిలిన కొద్దీ ఉబ్బింది. వరంగల్‌లో మేము కనీసం పిండి విసిరి రొట్టెలు చేసుకుంటాం. మేడం నాలుగు ముద్దలు తిని, తల నొస్తోందని లేచారు.

మరునాడు పొద్దున్నే జాతర బండ్లు కదిలాయి. మాకు ఒక నేతపని ఇంటివాళ్ల బండిలో చోటు దొరికింది. ఇంటాయన కొమురయ్య, భార్య రాజవ్వ, నాలుగేళ్ల కూతురు సారక్క. ఊరు పరకాల పక్కనే. బండి మధ్యలో ఒక కుండ, దాని మూతికి గుడ్డ కట్టి ఉంది. అందులో బెల్లం. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారు, మొక్కుకున్నవాళ్లు మనిషి ఎత్తు తూచి దేవతకు ఇస్తారు. దసరా ముందు పిల్లకు విషజ్వరం వచ్చి, ఆశ వదులుకున్నాక తేరుకుందట. తేరుకున్న వారానికి పిల్లను కిరాణా దుకాణం త్రాసులో కూర్చోబెట్టి, సరిగ్గా అంత బెల్లం కొని దాచారు. ఎంత ఆకలైనా ఆ కుండ ముట్టలేదని రాజవ్వ చెప్పింది. "పిల్ల ఏడ్సింది గని, ఇయ్యలే అక్కా. దేవునిది గదా."

మొదటి కార్డు ఆమెదే రాశాను.

"పిల్లలెంతమంది చెల్లె?"

"నలుగురక్కా."

నాలుగు అని రాశాను. భూమి లేదు. మగ్గం ఒకటి, నూలు దొరికిన రోజు ఆడుతుంది. పొయ్యి ఒక్క పూటే. బండిలో ఉన్నది ఒక్క పిల్ల. తక్కిన ముగ్గురి సంగతి నేను అడగలేదు. అది అడిగే సంగతి కాదు.

బండ్ల బాట

పోను రెండున్నర రోజులు పట్టింది. రెండోరోజు బండి చీల ఊడి, చక్రం పక్కకు ఒరిగింది. ఊడిపడిన చీలను వెతకడానికి అందరం మైలు దూరం వెనక్కి నడిచాం. నా చెప్పు వారు తెగింది. రాజవ్వ చీర అంచు పోగులు నాలుగు లాగి, పేనిన తాడుతో కట్టి ఇచ్చింది. ఆ ముడి ఇంకా ఊడలేదు.

ఆగిన చోటల్లా వేరే బండ్ల ఆడవాళ్ల దగ్గర కూర్చుని కార్డులు నింపాను. ఐదుగురు, ఆరుగురు, ఎనిమిదిమంది. చెప్పేటప్పుడు కొందరు వేళ్లు మడిచేవారు. ఒక వేలు దగ్గర ఆగి, మళ్లీ మడిచేవారు. పెన్ను కారి నా కుడిచేయి నీలమైంది. మేడం సాయంత్రం కార్డులు చూసి, "పాదిరి లెక్కే నిజమయ్యేట్టుంది," అన్నారు. ఆ మాటలో సంతోషం లేదు. ఎండకు ఆమె ముక్కు తోలు ఊడుతోంది, పుస్తకంలో చదివింది కళ్లముందు కనిపిస్తే మనిషి ఎట్లా డీలా పడతాడో అట్లా ఉన్నారు.

మూడో రోజు పొద్దున నేను బండి దిగి నడుస్తుంటే కొమురయ్య పక్కకు వచ్చాడు.

"అక్కా, పరకాలల ఆపరేషన్ చేత్తరట గదా. నొప్పి ఉంటదా?"

"మగవాళ్లకు పెద్దగ ఉండదంటరు. రెండురోజులు బరువు ఎత్తొద్దు, అంతే."

"మళ్ల పిల్లలు?"

"కారు. ఇగ ఎప్పటికీ కారు."

అతను ముందుకు పోయి ఎడ్లను అదిలించి వచ్చాడు. తర్వాత, "నాది రాసుకో. దానికి చెప్పకు," అన్నాడు. "అది సమ్మక్కకు ఒడిబియ్యం పోసి ఇంకో బిడ్డను అడుగుత అంటాంది. నాకింక మట్టి తవ్వ శాతగాదక్కా."

ఎందుకని నేను అడగలేదు. మా ఇంటాయన కూడా ఐదుసార్లు తవ్వాడు. బండి పక్కనే నడుస్తూ, రాజవ్వ కార్డు కింద 'భర్త ఒప్పుకున్నాడు' అని రాశాను. భార్యను అడిగావా అనే గడి ఆ కార్డులో లేదు. నేనైనా అడగాల్సింది. కాళ్లు లాగుతున్నాయి, అడగలేదు.

మేడారం

అడవి మధ్య అంతమంది మనుషులను ఒక్కచోట నేను ఎప్పుడూ చూడలేదు. వరంగల్‌లో అర్ధరూపాయి కొబ్బరికాయ అక్కడ రూపాయి. చాయ్ కూడా రెట్టింపు ధర, పాలు నామమాత్రం. గద్దెల మీద విగ్రహం లేదు. వెదురు, పసుపు, కుంకుమ, బెల్లం, అంతే. మా చర్చిలో కూడా బొమ్మలుండవు కనుక నాకు అది వింతగా తోచలేదు. వింతగా తోచింది నీళ్లు. వాగు ఎండిపోయింది. అంతమందికి బావి ఒక్కటీ లేదు.

వాగు ఇసుకలో ఆడవాళ్లు చేతులతో గుంటలు తోడుతున్నారు. వాటిని చెలిమె అంటారు. మోకాలి లోతు తోడితే నీరు ఊరుతుంది. మేడం బకెట్ తీసుకుని ఒక చెలిమెలో ఒక్కసారి ముంచారు. అంచు కూలి, నీళ్లు బురదయ్యాయి. పక్కనున్న కోయ ముసలామె మేడం చేతిలోంచి బకెట్ తీసి పక్కన పెట్టి, తన చేతిలోని సొరకాయ బుర్ర ఇచ్చింది.

"జర ఆగు బిడ్డా. ఊరనియ్యి."

"ఇంతమంది తోడితే నీళ్లు అయిపోవా అవ్వా?" అని మేడం అడిగారు.

"కొన్నేండ్లు అయిపోతయి," అంది ముసలామె. "అప్పుడు ఇంకింత కిందికి తోడుతం. ఎవలన్న పెద్ద గుంత తోడి, చుట్టు కంప నాటి, నాది అంటరు సూడు, అప్పుడు పంచాది, కొట్లాట."

మేడం చాలాసేపు ఆ బుర్రతోనే నీళ్లు ముంచారు. ముంచినంతసేపూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టే ఉన్నారు. ఆ సాయంత్రమే దేవత వచ్చింది. నేను బండి కింద నడుము వాల్చి అట్లాగే నిద్రపోయాను.

తూకం

మరునాడు పొద్దున మొక్కులు. ఒక పెద్ద త్రాసు కొమ్మకు వేలాడదీశారు. రాజవ్వ కొత్త పరికిణీ కట్టిన సారక్కను ఒక తట్టలో కూర్చోబెట్టింది. తూచేవాడు రెండో తట్టలో బెల్లం ముద్దలు పేర్చాడు. కుండ ఖాళీ అయ్యేసరికి బెల్లం తట్ట కిందికి దిగి నేలను తాకింది. పిల్ల పైకి లేచి, కాళ్లు ఊపుతూ నవ్వింది.

"ఎక్కువైంది అవ్వా. రెండు ముద్దలు తీసెయ్యి," అన్నాడు తూచేవాడు.

"ఎట్లయితది? దసరాకు సరిగ్గ తూగింది."

"త్రాసు అబద్ధం ఆడుతదా? నువ్వే సూడు."

ఒక ముద్ద తీశాడు. ఇంకా తూగలేదు. రెండోది తీశాడు. మూడోది తీశాక ముల్లు నిలబడింది. జ్వరం నుంచి లేచిన నాటికంటే పిల్ల మూడు ముద్దలు తగ్గింది. వెనక వరుసలోవాళ్లు తొందరపెడుతున్నారు. పిల్ల ఆ మూడు ముద్దల వైపు చూస్తోంది.

"అవి ఇంటికి తీసుకపో, పిల్లకు పెట్టు," అన్నాడు తూచేవాడు మంచితనంగానే.

రాజవ్వ వాటిని తీసి మళ్లీ తట్టలో పెట్టింది. "మొక్కింది దసరా నాటి బిడ్డ ఎత్తు," అంది. కొమురయ్య పక్కకు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత ఆమె ఒడిబియ్యం పోసి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఏం అడుగుతోందో మేడంకు అర్థమైనట్టుంది. గద్దె దిగాక, "రాజవ్వా, ముందే నలుగురు కదమ్మా, ఇంకొకరా?" అన్నారు. రాజవ్వ ఆమె ముఖం చూసి, పిల్లను ఎత్తుకుంది.

మధ్యాహ్నం సర్కారు జీపు పరకాలకు పోతుంటే మేడం నన్ను బండిలో రమ్మని, కార్డుల కట్టతో అందులో ఎక్కారు. శిబిరానికి ఒప్పుకున్న మగవాళ్లకు కూడా చోటుందన్నారు. కొమురయ్య నూలు సంగతి చూసుకుంటానని భార్యకు చెప్పి వెనక కూర్చున్నాడు. బండిని, వెనక బండిలో వచ్చిన తన తమ్ముడికి అప్పజెప్పాడు. ఆపరేషన్లు ఎల్లుండి పొద్దున.

తిరుగు బాట

మరునాడు ములుగు దగ్గర ఎడ్లను విప్పి, సర్వపిండి తింటున్నాం. రాజవ్వ చేతిలో ముక్క అట్లాగే ఉంది.

"అక్కా, మేడం గట్లెందుకన్నది?"

"ఎట్ల?"

"నలుగురు ఉండంగ ఇంకొకలా అని. నలుగురేడ ఉన్నరు? ముగ్గురు మట్టిల ఉన్నరు గదా. ఉన్నది గిదొక్కతే."

చేతిలోని ముక్కను పక్కన పెట్టాను. బస్సులో మేడం నన్ను చూసిన చూపు గుర్తొచ్చింది. రెండు గదుల ఇల్లు, ఏడుగురు పిల్లలు. సంచిలో మిగిలిన ఖాళీ కార్డు ఒకటి తీశాను. మొదటిరోజు ఒకసారి చూసి, ఏ గడి ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్షరాలు చదవకుండా రాసుకుపోయాను. ఇప్పుడు చదివాను. 'ప్రస్తుతం జీవించి ఉన్న పిల్లలు' అని ఉంది. నేను రాసిన కార్డులన్నింటిలో చచ్చిపోయిన పిల్లలు బతికి, పొయ్యి ముందు కూర్చుని అన్నం అడుగుతున్నారు. వాళ్లను చూసే మేడం డీలా పడిపోయారు. నాలుగు అని ఉన్న కార్డు చూసే డాక్టరు రేపు కొమురయ్యను బల్ల మీద పడుకోబెడతాడు.

చెప్పొద్దన్న మాట చెప్పేశాను. రాజవ్వ అరవలేదు. సర్వపిండి ముక్కను పిల్ల చేతిలో పెట్టి, చేయి తుడుచుకుంది.

"ఎప్పుడు జేత్తరు?"

"రేపు పొద్దున."

"బండి అందుకోదు. నడువు."

మరిదికి బండి వదిలేసి, పిల్లను మార్చి మార్చి ఎత్తుకుని సడక్ మీదికి వచ్చాం. ఎత్తుకుంటే తెలిసింది ఆ పిల్ల ఎంత తేలికో. చీకటి పడకముందే వెదురు లారీ ఒకటి ఆగింది. డ్రైవర్ ములుగు దాటి కొంతదూరమే పోతానన్నాడు. అక్కడ ఒక ఇంటి అరుగు మీద తెల్లారే వరకు ఉండి, మొదటి బస్సు ఎక్కాం.

మళ్లీ పరకాల

బడి వరండాలో బెంచీ మీద పదిమంది మగవాళ్లు కూర్చున్నారు. కొమురయ్య మూడోవాడు. రాజవ్వ నేరుగా పోయి అతని ముందు నిలబడింది. అతను లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"నన్నడగవా?" అంది.

"అడిగితె నువ్వు వద్దంటవు."

"అందుకే అడగాలె."

"నలుగురిని కంటివి. ముగ్గురికి గుంతలు నేనే తవ్విన. నీకేం, సమ్మక్కను అడుగుతవు. తవ్వేది నేను గదా," అన్నాడు. బెంచీ మీదివాళ్లు తలలు వంచుకున్నారు. రాజవ్వ పిల్లను అతని ఒళ్లో కూర్చోబెట్టి పక్కకు పోయి నిలుచుంది.

నేను లోపల డాక్టరుకు కార్డు చూపి తప్పు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, అలసిపోయి ఉన్నాడు. "ఒక్క పిల్ల ఉన్నవాడికి నేను చెయ్యను. ఆ పేరు కొట్టేయండి. తక్కినవాళ్లను నేనే అడిగి చూస్తాను. కావాలంటే ఆమెకు లూప్ వెయ్యొచ్చు. ఆమె అడిగితేనే," అన్నాడు.

మేడం పక్క గదిలో పట్టికలు గీస్తున్నారు. చెప్పడం ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. "నాకు ఏడుగురన్నాను కదా మేడం. ఉన్నది ఇద్దరు," అన్నాను.

ఆమె పెన్ను ఆగింది. కార్డుల కట్ట వైపు చూశారు. "అన్నీ ఇట్లాగేనా?"

"అన్నీ కాకపోవచ్చు. చాలా."

"వాళ్లను మళ్లీ ఎక్కడ పట్టుకుంటాం," అన్నారు. ఎవరి ఊరికి వాళ్లు పోయారు. కార్డుల మీద ఊళ్ల పేర్లు లేవు. మేడం తల పట్టుకున్నారు. తర్వాత, "ఎనిమిదిమందిని ఎందుకు కన్నారని నేను లెక్క వేస్తున్నాను మార్తమ్మా. ఎనిమిదిమందిని కంటే ఎందరు మిగిలారని అడగలేదు. ఆ పాదిరి లెక్కలో ఈ గడి ఎక్కడుందో నాకు గుర్తు రావట్లేదు," అన్నారు. పట్టికలను చింపలేదు. మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఖాళీ కార్డు ఒకటి తీసి, గీత గీసి, ఒక గడిని రెండు చేశారు: కన్నది, ఉన్నది.

"మీది రాయనా?" అన్నారు.

"ముందు రాజవ్వది రాయాలె మేడం," అన్నాను.

అప్పటికి రాజవ్వ, లూప్ మాట విని, డాక్టరు గది గుమ్మంలో నిలబడి మాట్లాడుతోంది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"నేను అడిగిన్నాడు తీస్తరా?"

"తీస్తాం."

"ఆయన అడిగితె గాదు. నేను అడిగితె."

"నువ్వు అడిగితేనే."

ఆమె వరండా వైపు చూసింది. కొమురయ్య పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడకు ఒరిగి ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు గాని చెయ్యి పిల్ల వీపు మీదే ఉంది.

"మళ్ల జాతర దాంక ఏయుండ్రి," అంది రాజవ్వ. "రెండేండ్లు. అప్పటికి పిల్ల నిండాలె. గిదే కుండెడు బెల్లం తీస్కపోత. పిల్ల ఎత్తుకు అది సాలకపోవాలె."

ఆమె లోపలికి పోయాక, బెంచీ చివర కూర్చుని కొత్త కార్డు రాశాను. ఈసారి ప్రతి అక్షరం చదువుకుంటూ రాశాను. కన్నది నలుగురు. ఉన్నది ఒకరు. భూమి లేదు. పొయ్యి ఒక పూట. పిల్ల బరువు రాయడానికి గడి లేదు. అంచున చోటు చూసుకుని రాశాను: దసరా కంటే తగ్గింది.